ఫెర్రెట్ పోస్టులో హైమావతి

ఫెర్రెట్‌ను పెంచుకోదలచిన కుటుంబం ముందుగా తమ ఇంట్లోని ఒక మనిషిని ఫెర్రెట్‌గా ఉంచుకుని, ఆ జంతువు తమకు సరిపోతుందో లేదో తేల్చుకోవాలన్న నిబంధన ప్రకారం, యర్రంశెట్టి భాస్కరం గారి భార్య హైమావతి సోమవారం ఉదయం టిఫిన్ల పని అయ్యాక పంజరంలోకి వెళ్లింది.

వెళ్లే ముందు మధ్యాహ్నానికి పప్పు, వంకాయ కూర వండి మూతలు పెట్టింది. రాత్రికి చపాతీ పిండి కలిపి ఫ్రిజ్‌లో ఉంచింది. బట్టలు మేడ మీద ఆరేసి వచ్చింది. అప్పుడు చేతులు కొంగుకు తుడుచుకుని, హాల్లో టీవీ పక్కన పెట్టిన పంజరం ముందు వంగింది. అందులో ఒక గుడ్డ ఊయల, ఒక గిన్నె, ఒక రబ్బరు బంతి ఉన్నాయి.

"మోకాళ్లు పట్టట్లేదండీ," అంది లోపల్నుంచి.

"పడతాయమ్మా, కంగారు పడకండి. అందరికీ మొదట్లో అలాగే ఉంటుంది," అన్నాడు మంతెన సుబ్బరాజు. ఆయన పెంపుడు జంతువుల యోగ్యతా శాఖ నుంచి వచ్చిన పరిశీలకుడు.

ఆయన అన్నట్టే పట్టాయి. కుందేలు గూడు కంటే కాస్త పెద్దదైన ఆ పంజరంలో అయిదడుగుల మనిషి చక్కగా ఒదిగింది. ఫ్రిజ్‌కూ గ్యాస్ బండకూ మధ్య ఇన్నేళ్లు మసలిన మనిషికి అదేమంత కష్టం కాలేదు.

ఫెర్రెట్ అంటే ముంగిసకు పట్నం చుట్టంలా ఉండే పొడుగాటి బొచ్చు జంతువు. దాన్ని ఆ ఇంటి ఒక్కగానొక్క కూతురు లాస్య ఫోనులో చూసింది. కుక్క వద్దు, పిల్లి వద్దు, ఫెర్రెట్టే కావాలని అన్నం మానేసింది. రెండు పూటలు మానేసేసరికి భాస్కరం దరఖాస్తు పెట్టాడు. ఆ వారంలోనే సుబ్బరాజు ఒక కరపత్రం, ఒక మడత పంజరం పట్టుకుని ఫ్లాటు తలుపు తట్టాడు. "పరీక్ష ఒక్క వారమేనండి. ఫెర్రెట్టుగా ఎవరు కూర్చుంటారో మీలో మీరు తేల్చుకోండి," అన్నాడు.

తేల్చుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. భాస్కరం తల్లి సూరాయమ్మకు మోకాళ్ల నొప్పులు, ఊయల ఎక్కలేదు. లాస్య దరఖాస్తుదారు, కొనే మనిషే సరుకు కాకూడదు. భాస్కరం ఒక సర్కారీ కార్యాలయంలో సూపరింటెండెంటు, ఆడిట్ వాళ్లు తలమీద ఉన్నారు. ముగ్గురూ ఒకేసారి వంటింటి వైపు చూశారు.

"నాకు ఫెర్రెట్టంటే ఏంటో కూడా తెలీదండీ," అంది హైమావతి, పోపు గరిటెతో బయటికి వచ్చి.

"తెలిసేదేవుందే? ఈ ఇంటికి కోడలుగా వచ్చినప్పుడు అన్నీ తెలిసే వచ్చావా?" అంది సూరాయమ్మ.

అందులో ఎవరికీ తప్పు కనిపించలేదు. సుబ్బరాజు కూడా తల ఊపాడు.

భాస్కరం ఈ ఏర్పాటును డిప్యుటేషన్‌గా అర్థం చేసుకున్నాడు. ఆయన ఆఫీసులో ఒకరు డిప్యుటేషన్ మీద వేరే చోటికి వెళితే వాళ్ల సీటు ఇంకొకరికి ఇన్‌చార్జి ఇస్తారు. ఇన్‌చార్జి ఆ పని చేయడు. అయినా సీటు ఖాళీగా ఉందని ఎవరూ అనడానికి వీల్లేదు. ఈ పద్ధతి మీద ఆ శాఖ ఏళ్ల తరబడి సాఫీగా నడుస్తోంది. అదే పద్ధతిలో ఆయన వంటకు తల్లిని, బట్టలకు కూతుర్ని ఇన్‌చార్జిలుగా వేసి, పర్యవేక్షణ తన దగ్గర పెట్టుకుని ఆఫీసుకు వెళ్లాడు.

హైమావతి ఊయలలో పడుకుంది.

మధ్యాహ్నం లేవలేదు. టీ వేళకు లేవలేదు. కాలేజీ నుంచి వచ్చిన లాస్య పంజరంలోకి తొంగి చూసి కెవ్వున అరిచింది. అప్పుడే చెప్పులు విడుస్తున్న భాస్కరం ఒంటికాలి చెప్పుతో పరుగెత్తుకొచ్చాడు. ఊయలలో హైమావతి నోరు తెరుచుకుని, చేతులు వేలాడేసి, వెన్నెముక లేని దానిలా పడి ఉంది. సుబ్బరాజుకు ఫోను చేశాడు.

"కదలట్లేదండీ! ఊపిరుంది. కానీ కదలట్లేదు!"

"నిద్రపోతున్నారండి. ఫెర్రెట్టు రోజులో మూడొంతులు పడుకుంటుంది. కరపత్రంలో ఉంది చూడండి. లేపకండే!"

"అది కాదు సార్. ఈవిడ పడుకోదు."

"పడుకోకపోవడమేంటండి? ఇదివరకెప్పుడూ పడుకోలేదా?"

భాస్కరం ఆలోచించాడు. ఆయన పడుకునేసరికి ఆవిడ వంటింట్లో ఉండేది. లేచేసరికి వంటింట్లో ఉండేది. మధ్యలో ఏం జరిగేదో ఆయన ఎన్నడూ విచారించలేదు. "పడుకోగా నేను చూళ్లేదండి," అన్నాడు నిజాయితీగా.

లాస్య అప్పటికే ఫొటో తీసింది. "అమ్మ నిద్రపోతే బుగ్గ మీద గుంట పడుతుంది నాన్నా! నాకూ పడుతుందిగా, అది ఇక్కణ్నుంచి వచ్చిందన్న మాట!" అంది ఆశ్చర్యంగా. పెంపుడు జంతువుకు పెట్టుకోవాలని ఎప్పుడో ఆలోచించి ఉంచుకున్న పేరు గుర్తొచ్చి, ఊయలను మెల్లగా ఊపుతూ "మోచా... నా బుజ్జి మోచా..." అంది. హైమావతి నిద్రలోనే ముక్కు ఎగబీల్చింది.

ఫెర్రెట్టుకు మాంసమే ఆహారం. అదీ కొంచెం కొంచెంగా, రోజులో చాలాసార్లు. ఆ ఇంట్లో కోడి కోసిన రోజున కాళ్లు భాస్కరానికీ లాస్యకూ, మెత్తటి ముక్కలు సూరాయమ్మకూ వెళ్లేవి. మెడ, రెక్క కొసలు, గిన్నె గోకుడు హైమావతికి మిగిలేవి. అది ఎవరో పెట్టిన నియమం కాదు, అందుకే దాన్ని ఎవరూ మార్చలేకపోయారు. ఇప్పుడు రాతపూర్వకంగా నియమం ఉంది. భాస్కరం స్వయంగా మార్కెట్‌కు వెళ్లి కార్జం, కందనకాయ తెచ్చి, సన్నగా తరిగి, చేత్తో గిన్నెలో పెట్టాడు. నిద్ర లేచిన హైమావతి గిన్నె వంక చూసింది. తర్వాత ఇంట్లో మిగతా వాళ్ల వంక చూసింది.

"మీరు తిన్నారా?" అంది అలవాటు కొద్దీ.

"నువ్వు తిను. తిన్నావా లేదా రాసుకోవాలి నేను," అన్నాడు భాస్కరం. కాసేపాగి మళ్లీ వచ్చి, "తిన్నావా?" అని అడిగాడు. ఆ ప్రశ్న ఆ ఇంట్లో ఆ దిక్కుకు వెళ్లడం అదే మొదటిసారి. గిన్నె ఖాళీగా ఉండడం చూసి ఆయనకు కళ్లు చెమర్చాయి. జంతువులను పెంచితే మనిషి మెత్తబడతాడని కరపత్రంలో రాసింది నిజమేననుకున్నాడు.

రోజుకు నాలుగు గంటలు పంజరం బయట తిరగనివ్వాలి, ఏ పనీ చెప్పకూడదు. మొదటి రోజు తలుపు తీయగానే హైమావతి నేరుగా సింకు దగ్గరికి వెళ్లి పీచు అందుకుంది. రోజూ ఆ నాలుగు గంటలూ చూసి పోవడానికి వచ్చే సుబ్బరాజు అడ్డం పడ్డాడు.

"అమ్మా, మీరు అంట్లు తోమితే నా ఉద్యోగం పోద్దండి."

"రెండు గిన్నెలేనండీ."

"ఫెర్రెట్టు గిన్నెలు తోమదమ్మా."

"మరేం చేస్తదండీ?"

"ఆడుకుంటాదండి."

హైమావతి హాలు మధ్యలో నిలబడింది. చాలాసేపు అలాగే నిలబడింది. ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆవిడకు తెలియలేదు. చివరికి బంతిని కాలితో కొంచెం తోసి, ఎవరైనా తిడతారేమోనని చుట్టూ చూసింది. ఎవరూ తిట్టలేదు. రెండో రోజు మేడ మెట్లెక్కి ఆకాశం చూసి వచ్చింది. ఆ తర్వాతి రోజు ఒక దిండు గలేబులో ఈ చివర దూరి ఆ చివర తల బయటపెట్టి కిలకిలా నవ్వింది. ఆ నవ్వుకు సూరాయమ్మ చేతిలోని ఒత్తుల పళ్లెం జారిపోయింది.

"ఒరేయ్ భాస్కరం! దీనికి నవ్వడం వచ్చురా!"

ఆపాటికే ఆవిడ మెడ వెనక లేత గోధుమ రంగు నూగు వచ్చింది. సుబ్బరాజు దాన్ని వేలితో దువ్వి చూసి, బాగా కుదురుకున్నారని మెచ్చుకున్నాడు.

ఫెర్రెట్లు దొంగతనం చేస్తాయి. మెరిసేవి, మెత్తగా ఉండేవి ఎత్తుకెళ్లి దాచుకుంటాయి. హైమావతి టీవీ రిమోటు, లాస్య ఇయర్‌ఫోన్లు, భాస్కరం బీరువా తాళాలు తీసుకెళ్లి సోఫా కింద పోగేసింది. తాళాల కోసం భాస్కరం ఆఫీసుకు ఆలస్యంగా వెళ్లాల్సి వచ్చింది. పోయినేడాది కరెంటు బిల్లు ఎక్కడో పెట్టి మరిచిపోయినందుకు ఆయన భార్యతో దీపావళి వరకు మాట్లాడలేదు. ఇప్పుడు సోఫా కింద బోర్లా పడుకుని, చెయ్యి చాపి, "దొంగపిల్లా, ఇచ్చెయ్యవే," అని బతిమాలాడు. ఆఫీసులో ఆ సంగతి చెప్పి అందరినీ నవ్వించాడు.

ఇన్‌చార్జి ఏర్పాటు మాత్రం ఆఫీసులో నడిచినట్టు ఇంట్లో నడవలేదు. ఆఫీసులో ఆగిపోయిన పనికి ఆకలి వేయదు. పప్పు అయిపోయింది, చపాతీ పిండి పులిసింది, బట్టలు మేడ మీదే వానకు తడిసి మళ్లీ ఎండాయి. చింతపండు ఎక్కడుంటుందో ఎవరికీ తెలియలేదు. వంటింటిని గాలించి విసిగిపోయిన సూరాయమ్మ పంజరం దగ్గరికి వచ్చి, నిద్రపోతున్న కోడలి భుజం పట్టి గట్టిగా ఊపింది.

"ఏమే! చింతపండెక్కడ తగలేశావే!"

హైమావతి కళ్లు తెరవకుండానే ఆవిడ వేలు కొరికింది.

ఇరవై ఏళ్లకు పైగా నోరెత్తని మనిషి కొరికింది. సూరాయమ్మ రక్తం కారుతున్న వేలును పైకెత్తి అందరికీ చూపించింది. "చూశార్రా? చూశార్రా దీని పొగరు? భాస్కరం, ఏంట్రా చూస్తావు?"

భాస్కరం నోరు తెరిచాడు. ఇలాంటప్పుడు అనే మాటలు ఆయన దగ్గర సిద్ధంగానే ఉన్నాయి. కానీ ఈలోగా సుబ్బరాజు వచ్చి విచారణ జరిపాడు. నిద్రపోతున్న ఫెర్రెట్టును లేపడం మొదటి తప్పు. దాన్ని పని గురించి ప్రశ్నించడం రెండో తప్పు. కొరకడం ఫెర్రెట్టు తప్పు కాదు, అది ఇంటివాళ్ల పెంపకంలో లోపం.

"పెద్దావిడ ఫెర్రెట్టుకు సారీ చెప్పాలండి," అన్నాడు.

"నేనా? కోడలికా?"

"కోడలికి కాదండి. ఫెర్రెట్టుకి."

సూరాయమ్మ ఆ తేడాను కాసేపు నమిలింది. కోడలికైతే ప్రాణం పోయినా చెప్పదు. జంతువు కాబట్టి అభ్యంతరం కనిపించలేదు. "తప్పైపోయిందే తల్లీ," అని పంజరం చువ్వల మధ్య నుంచి తల నిమిరింది. హైమావతి ఆ వేలును ఒకసారి నాకి, అటు తిరిగి పడుకుంది.

అసలు ప్రమాదం శుక్రవారం వచ్చింది. నిబంధన ప్రకారం ఫెర్రెట్టుకు పశువైద్య పరీక్ష జరగాలి. శాఖ పంపిన డాక్టరమ్మ హడావిడి మనిషి. వస్తూనే హైమావతిని డైనింగ్ టేబుల్ మీద కూర్చోబెట్టి, కింది రెప్ప లాగి చూసింది. గోళ్లు చూసింది. నడుము నొక్కింది. చీర కొంగు తీసి ముంజేతులు వెలుతురులోకి తిప్పింది. ఆమె ముఖం గట్టిపడింది.

"ఎవరండీ దీన్ని పెంచింది?"

"మేమేనండి," అన్నాడు భాస్కరం.

"ఒంట్లో రక్తం లేదు. వెన్నుపూస అరిగిపోయింది. చేతులు చూడండి, కాలిన మచ్చ మీద కాలిన మచ్చ. సరైన తిండి లేదు, నిద్ర లేదు. ఏళ్ల తరబడి ఇలా ఉంచితే తప్ప ఏ జంతువూ ఈ స్థితికి రాదు. మనుషులేనా మీరు? సుబ్బరాజు గారూ, ఇది కేసు పెట్టాల్సిన విషయం."

భాస్కరానికి కేసు అంటే సస్పెన్షను. లాస్య ఏడవడం మొదలుపెట్టింది. సూరాయమ్మ తన గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. డాక్టరమ్మ అప్పటికే కలం తీసింది.

"ఒక్క నిమిషమండి," అన్నాడు సుబ్బరాజు ప్రశాంతంగా. "ఇది ఫెర్రెట్టుగా చేరింది మొన్న సోమవారమే. ఈ దెబ్బలన్నీ అంతకు ముందువి."

"అంతకు ముందు ఏంటిది?"

"ఇల్లాలండి."

డాక్టరమ్మ కలం ఆగింది. గట్టిగా ఊపిరి వదిలింది. "ఆ సంగతి ముందు చెప్పాలి కదండీ! హడలగొట్టేశారు. ఇల్లాలికైతే ఇవన్నీ మామూలే," అంది. కలం మూత పెడుతూ, అలవాటుగా తన నడుమును తానే రుద్దుకుంది. ఒక టానిక్ రాసిచ్చి, ఇప్పటి పోషణ చాలా బాగుందని భాస్కరాన్ని అభినందించి వెళ్లిపోయింది.

భాస్కరం కుర్చీలో కూలబడ్డాడు. గండం గడిచింది. కానీ ఆ ముంజేతులు కళ్ల ముందు నుంచి పోలేదు. మళ్లీ పంజరం దగ్గరికి వెళ్లాడు.

"ఇవెప్పటివి హైమా?"

ఆవిడ చెయ్యి చాపి, కొత్తవాళ్లకు ఊరు చూపించినట్టు చూపించింది. "ఇది మీ ప్రమోషను రోజు గారెలప్పటిది. ఇది లాస్య పుట్టినరోజుది. ఇదేమో అత్తయ్య కాశీ నుంచొచ్చినప్పటిది. దీనికి మాత్రం ఎందుకో గుర్తులేదండీ."

"మరి నాకు చెప్పలేదే?"

"చెప్పాను. మీరు టీవీ సౌండు పెంచారు."

ఆదివారం ఉదయం తుది నిర్ణయం. సుబ్బరాజు మూత ఉన్న వెదురు బుట్టతో వచ్చాడు. ఫెర్రెట్టు ఈ కుటుంబానికి అన్ని విధాలా సరైనదేనని ప్రకటించి, అందరికీ స్వీటు పంచాడు. ఇంట్లో పండగలా ఉంది. సూరాయమ్మ అయితే మరీ సంబరపడింది. సాయంత్రానికి పులుసు తినొచ్చు. సుబ్బరాజు పంజరం తలుపు బార్లా తెరిచాడు.

"అయిపోయిందమ్మా. మీరింక రావచ్చు."

హైమావతి రాలేదు.

"హైమా, రా," అన్నాడు భాస్కరం నవ్వుతూ.

ఆవిడ ఊయలలో ఒక వైపు నుంచి ఇంకో వైపుకు తిరిగింది. భాస్కరం నవ్వు ఆగిపోయింది. వంగి తలుపు లోపలికి మొహం పెట్టాడు.

"ఏంటిది? వాళ్లు చూస్తున్నారు. నువ్వు లేకపోతే ఇల్లెలాగే?"

"ఇంట్లోనే ఉన్నానుగా అండీ."

"అలా కాదు. మామూలుగా."

హైమావతి ఆలోచించింది. ఆవిడ మొండికేయలేదు, కోపంగా కూడా లేదు. బజారులో బేరం చేసే మనిషిలా అడిగింది. "వచ్చేస్తాను. పడుకున్నప్పుడు లేపరుగా?"

"లేపం."

"అత్తయ్య కూడా?"

భాస్కరం తల్లి వైపు చూశాడు. సూరాయమ్మ కిటికీ వైపు చూసింది.

"నాలుగ్గంటలు నా ఇష్టమొచ్చినట్టు తిరగొచ్చా?"

"దానిదేముంది... పనంతా అయ్యాక..."

"తిన్నావా అని అడుగుతారా?"

"అడుగుతానే! ఒట్టు!" అన్నాడు భాస్కరం. ఆ మాట నిజంగానే అన్నాడు. వంటింట్లో ఉన్న మనిషిని అలా అడగడం తనకు గుర్తుంటుందా అన్న భయం ఆ మరుక్షణమే ఆయన మొహంలోకి వచ్చింది. హైమావతి ఆ మొహాన్ని ఇరవై ఏళ్లకు పైగా చదువుతోంది. సుబ్బరాజు వైపు తిరిగింది.

"ఇంటి మనిషిక్కూడా ఇలాంటి రూల్సేవైనా ఉన్నాయాండీ?"

సుబ్బరాజు కరపత్రం అటూ ఇటూ తిరగేశాడు. ఉద్యోగంలో ఆయన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. "లేవమ్మా," అన్నాడు చివరికి. "అదంతా ఇంట్లోవాళ్ల మంచితనం మీదండి."

"అయితే నేనిక్కడే ఉంటానండీ," అంది హైమావతి. తలుపును లోపల్నుంచి మెల్లగా దగ్గరికి వేసుకుంది.

అప్పుడే వెదురు బుట్ట మూత కదిలి, గోధుమ రంగు ఒంటితో, కళ్ల చుట్టూ నల్లటి మచ్చలతో అసలు ఫెర్రెట్టు తల బయట పెట్టింది. గడప దాటి వచ్చిన జంతువును వెనక్కి తీసుకునే వీలు శాఖకు లేదు. ఆ ఇంటికి మంజూరైంది ఒక్క ఫెర్రెట్టు పోస్టు. అందులో అర్హత కలిగిన మనిషి పనిచేస్తోంది, ఆరోగ్యంగా ఉంది, తొలగించడానికి కారణం లేదు. సుబ్బరాజు బుర్ర గోక్కున్నాడు.

"దీన్నెక్కడ వేయాలో చెప్పండి భాస్కరం గారూ. ఏ పోస్టూ లేకుండా ఇంట్లో ఉంచడానికి లేదండి."

భాస్కరం పెద్దగా ఆలోచించలేదు. ఆయన సర్వీసంతా చేసిన పనే అది. మనిషి వచ్చింది, సీటు ఖాళీగా ఉంది. "ప్రస్తుతానికి వంటింటికి ఇన్‌చార్జి ఇద్దామండి," అన్నాడు. "తర్వాత చూసుకుందాం."

"నాన్నా! అది ఫెర్రెట్టు!" అంది లాస్య.

"తాత్కాలికంగానే తల్లీ."

సూరాయమ్మ కొత్తదాన్ని ఎగాదిగా చూసింది. చిన్న చేతులు, కానీ చురుగ్గా ఉన్నాయి. "ఏమే, ఇలా రా. చింతపండు వెతుకు ముందు," అంది. ఫెర్రెట్టు వాసన పట్టి ఆ డబ్బాను వెంటనే కనిపెట్టింది. సూరాయమ్మకు దాని మీద గురి కుదిరింది.

మోచా అన్న పేరు పోస్టుకు చెందింది కాబట్టి హైమావతికే ఉండిపోయింది. కొత్తదానికి వేరే పేరు పెట్టాల్సిన అవసరం రాలేదు. "ఏమే" అంటే పలికేది. బోర్లించిన బకెట్ మీద నిలబడి దోసెలు పోయడం నేర్చుకుంది. తెల్లవారకముందే లేచేది. వచ్చిన కొత్తలో, పగలు సింకు పక్కన ముడుచుకుని పడుకోబోతే సూరాయమ్మ తోక పట్టి లేపింది. అది చటుక్కున కొరికింది. ఈసారి విచారణకు ఎవరూ రాలేదు. "ఇంట్లో మనిషివి, కరవడమేంటే?" అని భాస్కరమే మందలించాడు. ఆ తర్వాత అది కొరకలేదు. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది తినేది. ఒక్కోసారి మిగిలేది కాదు.

వర్షాకాలం వచ్చేసరికి దాని వీపు మీద బొచ్చు రాలింది. పక్కటెముకలు లెక్కపెట్టేలా తేలాయి. ముందు కాళ్ల మీద నూనె చుక్కలు పడిన చోట చర్మం మెరిసింది. ఇంట్లో వాళ్లకు అది సన్నబడిందన్న సంగతి తెలియలేదు, ఎందుకంటే దాన్ని వాళ్లు ఎక్కువగా వెనక నుంచే చూసేవారు. హైమావతి మాత్రం నిగనిగలాడుతోంది. సాయంత్రాలు భాస్కరం ఆవిడ పక్కన నేల మీద కూర్చుని ఆఫీసు కబుర్లు చెప్పేవాడు. పెళ్లయ్యాక వాళ్లిద్దరూ అన్ని మాటలు ఎన్నడూ మాట్లాడుకోలేదు. మన దాంపత్యం ఇప్పుడు గాడిన పడిందే, అనేవాడు.

తనిఖీకి సుబ్బరాజు ఒక సెలవు రోజు మధ్యాహ్నం వచ్చాడు. హైమావతి బరువు, కళ్లు, మెడ వెనక నూగు చూసి సంతృప్తి పడ్డాడు. ఈ వీధిలో ఇంత బాగా పెరుగుతున్న ఫెర్రెట్టు లేదన్నాడు. వెనక నుంచి ఒక చిన్న నల్లటి పంజా కాఫీ గ్లాసు అందించింది. ఆయన తల తిప్పకుండానే అందుకుని, "కాఫీ బ్రహ్మాండంగా ఉందండి," అని భాస్కరంతో అన్నాడు.

లాస్య ఆయన్ను గుమ్మం దాకా సాగనంపి, గొంతు తగ్గించి అడిగింది. "అంకుల్, లోపల ఉన్నది... దానికి ఒంట్లో బాలేనట్టుందండీ. నిలబడే పడుకుంటోంది."

"వయసులో ఉన్నదేగా అమ్మా, సర్దుకుంటాది," అన్నాడు సుబ్బరాజు, చెప్పులేసుకుంటూ.

భోజనాలకు కూర్చున్నారు. పంజరం తలుపు ఎప్పటిలాగే తెరిచే ఉంది. ఊయలలోంచి హైమావతికి వంటింటి గుమ్మం సూటిగా కనిపిస్తుంది. స్టవ్ ముందు, బకెట్ మీద, చేతిలో గరిటెతో, గోడకు తల ఆనించి అది కునుకు తీస్తోంది. కూర పొంగినప్పుడల్లా ఒక్క కన్ను తెరిచి, మంట తగ్గించి, మళ్లీ మూస్తోంది. అలా పడుకోవడం ఎలాగో హైమావతికి తెలుసు. ఆ గోడ మీద తల ఆనే చోటు నున్నగా ఉంటుందనీ తెలుసు.

ఆవిడ లేచి కూర్చుంది. ఒక కాలు పంజరం బయటికి వచ్చి నేలకు ఆనింది.

భాస్కరం చేతిలో ముద్ద ఆగిపోయింది. సూరాయమ్మ నమలడం మానేసింది. ఎవరూ రా అనలేదు, వద్దనీ అనలేదు. ఆవిడ వస్తే రేపటి నుంచి సోఫా కింద నవ్వు ఉండదు. రాకపోతే లోపలిది ఎన్నాళ్లు నిలబడుతుందో తెలియదు. నేల చల్లగా ఉంది. హైమావతి తన కాలి వంక చూసుకుంది. ఇంకో కాలు ఊయలలో వెచ్చగా ఉంది.

లాస్య లేచి వచ్చి, తల్లి చెవి వెనక మెల్లగా గోకింది. భాస్కరం తన కంచంలోంచి కోడికాలు ముక్క తీసి గిన్నెలో పెట్టి, "తిన్నావా మోచా?" అన్నాడు.

హైమావతి కాలు లోపలికి తీసుకుంది. ముక్క కొరికి, నిదానంగా నమిలింది. వంటింటి వైపు చూడకుండా అంది.

"ఉప్పు తగ్గింది."

లోపల బకెట్ గబుక్కున కదిలిన చప్పుడు, ఆ వెంటనే ఉప్పు డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించాయి.